లక్ష్మీనర్సమ్మ ఎడమ చెవి

మా మరదలు లక్ష్మీనర్సమ్మను గురించి కొత్తవాడలో ఎవరినడిగినా మంచే చెబుతారు. ఉత్తరం చదివి పెట్టిందంటారు, రేషన్ కార్డు ఫారం నింపి ఇచ్చిందంటారు, తమ కోడలికి సంతకం నేర్పిందంటారు. నన్ను మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. పదేళ్ళు నేను ఆమెను చూసి ఓర్వలేక చచ్చాను. ఆమె నాకు సవతి కాదు, తోటికోడలూ కాదు. నా తమ్ముడి పెళ్ళాం, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. అంత చిన్నదాని మీద ఇంత పెద్దదానికి కుళ్ళేమిటని ముక్కు మీద వేలేసుకుంటారేమో, వేసుకోండి. కడుపుమంటకు వయసుతో పనిలేదు.

నా పేరు మొగిలమ్మ. మేం పద్మశాలీలం, జంఖానాలు నేసి బతికేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళకే పెళ్ళి చేశారు. మొగుడు యాదగిరి అప్పటికి బళ్ళో చదువుతున్నాడు. పది పాసయ్యాడు, కాజీపేటలో రైల్వే నౌకరీ దొరికింది. దొరికిన కొన్నాళ్ళకే నాతో ఏమన్నాడో తెలుసా? "నీతోని ఏం మాట్లాడాలె? కూర, కండె, నీళ్ళ బిందె. ఇంకేమన్న తెలుసా నీకు?" అన్నాడు. ఆయనకు పేపరు చదివే మనిషి కావాలట. వెతుక్కున్నాడు, కట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళకు నా బట్టల మూట నేను పట్టుకొని కొత్తవాడకు తిరిగొచ్చాను. అప్పటికి మా అమ్మ పోయింది. నాయన మంచాన పడి ఉన్నాడు. తమ్ముడు సారంగపాణికి పదకొండేళ్ళు, రెండో తరగతిలోనే బడి మాన్పించి మగ్గం ఎక్కించారు. నాయన కూడా పోయాక వాణ్ణి సాకింది నేనే.

జంఖానా మగ్గం వెడల్పుగా ఉంటుంది, ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకే చెక్క మీద ఇద్దరు పక్కపక్కన, కాళ్ళు మగ్గం గుంతలోకి దించి కూర్చోవాలి. కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఒకరిది. పోగు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూ ఉండాలి. దాన్ని మేం జోడీ అంటాం. జోడీలో కూర్చున్నవాళ్ళు పొద్దటినుంచి పొద్దుగూకేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చూపంతా పోగు మీదే ఉంటుంది. మాటలు మాత్రం చెవి పక్కనే పడుతుంటాయి, మూడో మనిషికి వినపడవు. పదకొండేళ్ళు నా తమ్ముడికి జోడీని నేనే. వాడికి ఆకలైనా, కోపమొచ్చినా, వాడికంటే ముందు నాకే తెలిసేది.

వాడికి సంబంధం చూసింది కూడా నేనే. డెబ్బై రెండులో జనగామ దిక్కునుంచి వచ్చింది ఆ సంబంధం. పిల్ల తండ్రి హైస్కూల్లో అటెండరు, అందుకని కూతుర్ని పదిదాకా చదివించుకున్నాడు. పిల్లగాడు ఎందాక చదివాడని ఆయన అడిగితే, "ఏడు చదివిండు" అన్నాను. రెండుకు ఐదు కలిపితే ఏం పోయిందిలే అనుకున్నాను. పది చదివిన మొగవాడు నన్నేం చేశాడో నాకు తెలుసు. పది చదివిన ఆడది వచ్చి నా తమ్ముణ్ణి పూచికపుల్లలా తీసిపడేస్తే చూస్తూ ఊరుకుంటానా? ఆ అబద్ధం సంగతి నా తమ్ముడికీ తెలుసు. సంతకం ఒక్కటి నేర్చుకోరా అంటే, జంఖానా మీద పువ్వు దించినట్టు తన పేరును కాగితం చూసి దించడం నేర్చుకున్నాడు. పెళ్ళయిపోయింది.

కోడలు ఇంటికొస్తే మొగుడి జోడీ పెళ్ళామే. అది మా వాడకట్టులో అందరిళ్ళల్లో ఉన్న పద్ధతే, నేను కాదంటే ఆగేది కాదు. నేను చెక్క దిగి రాట్నం దగ్గర కండెలు చుట్టడానికి కూర్చున్నాను. కొత్తలో ఆమెకు పని రాదు. నూలు కోసుకొని వేళ్ళు చీరుకుపోయేవి, రాత్రి అన్నం కలుపుకుంటే మంట పుట్టి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. బాగా అయింది, పుస్తకం పట్టిన వేళ్ళు కదా అనుకునేదాన్ని. ఆర్నెల్లు తిరగకుండానే మహాతల్లి పని పట్టేసింది. ఇద్దరూ చెక్క మీద కూర్చుని ఏదో గుసగుసలాడుకొని నవ్వుకునేవాళ్ళు. పదకొండేళ్ళలో నా తమ్ముడు నా పక్కన కూర్చుని ఒక్కసారైనా అట్లా నవ్వలేదు. ఆ నవ్వు విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఆ నవ్వు ఏడాదికి ఆగిపోయింది. ఎట్లా ఆగిందో చెబుతాను.

ఆమెకు ఐదో నెల అప్పుడు. నీళ్ళకు పోయింది. పోస్టుమన్ ఉత్తరం తెచ్చి నా తమ్ముడి చేతికిచ్చాడు. పక్కింటి పూలమ్మ మా వాకిట్లో కూర్చుని ఉంది. "ఏం రాసిన్రు పాణీ, మీ అత్తగారోళ్ళు?" అని అడిగింది. నా తమ్ముడు ఉత్తరం విప్పాడు. చదివేవాళ్ళలాగే కళ్ళు అటూ ఇటూ తిప్పాడు. "అందరు మంచిగున్నరట. వానలు గూడ మంచిగ వడ్డయట" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. లక్ష్మీనర్సమ్మ వచ్చి, "ఏది, నన్ను గూడ జూడనియ్యి" అంటే, "చదివిన గద, మల్లెందుకు?" అని దాన్ని వాసంలో దోపాడు. మూడోనాడు ఇల్లు దులుపుతూ ఆమె దాన్ని తీసి చదువుకుంది.

తనను సాకిన నాయనమ్మ చిలుకమ్మ చనిపోయిందట. దినాలకు రమ్మని రాశారు. ఆ దినాలు ముందురోజే అయిపోయాయి.

గోడకానుకొని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకొని, పూలమ్మా నేనూ అక్కడే ఉండగా, మొగుడితో మెల్లగా అంది. "నాకు చెప్తే ఏమైతుండె? తెల్వకుంటె తెల్వదను. నేను నేర్పుదును గద."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? తిట్టిందా, ఎగతాళి చేసిందా? ఏమీ లేదు. తప్పు వెతికినా దొరకనందుకే నా తమ్ముడు చెయ్యెత్తాడు. అదే మొదటి దెబ్బ. పూలమ్మ "అయ్యో అయ్యో" అంటూ అడ్డం వెళ్ళింది. నేను వెళ్ళలేదు. నాకు లోపల చల్లగా ఉంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చల్లగానే ఉంది.

ఆ రోజు సాయంత్రం ఆమె నా దగ్గరికొచ్చి, "వదినా, ఏడు చదివిండని మీరే అన్నరు గద మా నాయనతోని?" అని అడిగింది. "నాకు యాదికి లేదు పో" అన్నాను.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆమెకు తోటికోడలు లేదు, ఆ కొరత నేను తీర్చాను. తర్వాత ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నాయనమ్మ పేరే పెట్టుకుంది, చిలుకమ్మ అని. పిల్ల పుట్టాకైనా వాడు మారతాడని పూలమ్మ అనేది. వాడు మారలేదు. కొత్తవాడ మొత్తానికి ఆమె చదువు సంగతి తెలిసిపోయింది. దుబాయి ఉత్తరం వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా మా ఇంటికే తెచ్చేవాళ్ళు. మగ్గం మీద మొగవాడు కూర్చుని ఉంటే వాణ్ణి దాటుకొని పోయి ఆమెను పలకరించేవాళ్ళు. కాగితం పట్టుకొని ఎవరు గడప దాటినా, వాళ్ళు వెళ్ళిపోయాక ఆమెకు తిట్లో తన్నులో ఖాయం. అయినా చదవనని ఒక్కరితో కూడా అనలేదు ఆ మొండిది.

నాకు ఇంకో కుళ్ళు కూడా ఉండేది. ఇది ఎవరితోనూ చెప్పలేదు. నన్ను నా మొగుడు కొట్టనన్నా కొట్టలేదు, చూడనే చూడకుండా వదిలేశాడు. కొట్టడానికైనా దానికి మొగుడున్నాడు కదా అనుకునేదాన్ని. థూ, అదీ ఒక ఆలోచనేనా! అయినా అనుకున్నాను.

డెబ్బై తొమ్మిదిలో మా వాడకు వయోజన విద్య సెంటరొచ్చింది. ఆనందరావు అని ఒక సూపర్‌వైజరు, క్రైస్తవుడు, మెత్తని మనిషి, సైకిలు మీద తిరిగేవాడు. పది చదివిన ఆడమనిషి ఉందని విని మా ఇంటికొచ్చాడు. లక్ష్మీనర్సమ్మను అడగలేదు, ముందు నా తమ్ముడికే దండం పెట్టి అడిగాడు. కులపెద్దలు కూడా చెప్పేసరికి వీడు కాదనలేకపోయాడు. రోజూ మధ్యాహ్నం మూడింటినుంచి ఐదింటిదాకా, సంఘం భవనం అరుగు మీద ముప్పైమంది ఆడవాళ్ళకు ఆమె చదువు చెప్పాలి. పూలమ్మ కూడా పలక పట్టుకొని పోయింది. నేను పోలేదు. దాని ముందు నేల మీద కూర్చుని నేను అ ఆలు దిద్దాలా?

కానీ ఆ రెండు గంటలూ మగ్గం మీద జోడీ ఎవరు? నేనే. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ నా చెక్క మీద, నా తమ్ముడి పక్కన కూర్చున్నాను. పండగొచ్చినట్టు తలంటుకొని పోయి కూర్చున్నాననుకోండి. నేసినంతసేపూ వాడి చెవి నా నోటి పక్కనే ఉండేది. అంతకంటే ఏం కావాలి?

"ఆమెను అందరు టీచరమ్మ అంటాన్రు తమ్మీ. మంచిదే. నిన్నేమంటాన్రో తెలుసా?"

"ఏమంటాన్రు?"

"నాకెందుకు తియ్యి. టీచరమ్మ మొగడు అంటాన్రు. సారంగపాణి అని ఎవ్వలు అంటలేరు."

ఒకరోజు అంతే. ఇంకోరోజు, "గా ఆనందరావు సారు ఇయ్యాల గూడ ఒచ్చిండట. పది చదివినోళ్ళకు పది చదివినోళ్ళే ముచ్చట్లకు దొరుకుతరు" అన్నాను. ఆ మాట నా మొగుడు నాతో అన్న మాటకు తోబుట్టువే. నాకు తగిలిన దెబ్బను తీసుకుపోయి వాడికి తగిలించాను. ఆనందరావు తప్పుడు మనిషి కాదని నాకు తెలుసు. లక్ష్మీనర్సమ్మ తలెత్తి కూడా చూడదని ఇంకా బాగా తెలుసు. అయినా ఒక్కో వరసకూ ఒక్కో మాట వేస్తూ పోయాను. సాయంత్రం ఐదింటికి ఆమె పలకల సంచి పట్టుకొని ఇంట్లో అడుగుపెట్టేసరికి వాడి మొహం మాడిపోయి ఉండేది. అన్నంలో ఉప్పెక్కువైందనో, పిల్ల ఏడ్చిందనో వంక పెట్టుకొని కొట్టేవాడు. నేను పిల్లను వెంటబెట్టుకొని వాకిట్లోకి పోయేదాన్ని. అందరూ నన్ను పాపం మొగిలమ్మ, పిల్లను చూసుకుంటుంది అనేవాళ్ళు.

మూడేళ్ళు ఇట్లాగే గడిచాయి. ఎనభై రెండు ఎండాకాలంలో ఆనందరావు ఒక కబురు తెచ్చాడు. సెంటర్లలో పనిచేసిన ఆడవాళ్ళకు టీచరు ట్రైనింగులో కొన్ని సీట్లు పెట్టారట. రెండేళ్ళు హాస్టల్లో ఉండి చదవాలి, పిల్లను కూడా ఉంచుకోవచ్చు. అయిపోగానే పక్కా సర్కారు నౌకరి. సోమవారం హనుమకొండలో ఇంటర్వ్యూ. పెళ్ళైనవాళ్ళు భర్త సంతకంతో ఒప్పుదల కాగితం తేవాలి. లక్ష్మీనర్సమ్మకు అప్పటికి ముప్పై దగ్గర పడుతున్నాయి, మళ్ళీ ఇంకో అవకాశం రాదు. ఆమె కళ్ళు చూస్తే నాకు తెలిసిపోయింది. ఇది నౌకరి కాదు, ఈ ఇంట్లోంచి పోయే తొవ్వ. పిల్లను తీసుకొని పోతుంది, ఇక రాదు. ఎవరూ తన్ని తరమకుండా, ఎవరిచేతా ఒక మాట పడకుండా, తలెత్తుకొని పోతుంది. నేను ఎట్లా వచ్చాను నా అత్తగారింటినుంచి? మూటతో, తల దించుకొని. అది ఎట్లా పోతుంది? నౌకరితో! నాకు ఒళ్ళంతా మండిపోయింది.

శనివారం మధ్యాహ్నం నేనూ తమ్ముడూ మగ్గం మీద ఉన్నాం. ఆమె కాగితం పట్టుకొని వచ్చింది. ఎన్నడూ లేనిది కొంచెం నవ్వు మొహంతో వచ్చింది. సగం నేసిన జంఖానా మీద ఆ కాగితం పరిచి, మొగుడికి ఎదురుగా వంగి, "ఏం లేదు, ఒక్క సంతకం. ఇగో, గిక్కడ" అని వేలుతో చోటు చూపించింది. వాడికి తెలియదు కదా ఎక్కడ పెట్టాలో, అందుకని మర్యాదగానే చూపించింది. వాడు పెన్ను తీసుకున్నాడు కూడా. నిజం, తీసుకున్నాడు. ఆ ఒక్క నిమిషం నేను నోరు మూసుకొని ఉంటే పెట్టేవాడే.

"గదేంది పిల్లా, ఏడు చదివినోనికి ఏడ వెట్టాల్నో చూపెడ్తానవ్?" అన్నాను నవ్వుతూ.

వాడి మొహం నల్లబడింది. పెన్ను కింద పడేశాడు. మగ్గం మీద పోగును దట్టించడానికి ఇనప పళ్ళ పంజా ఒకటి ఉంటుంది. వాడు నావైపు చూడకుండానే కుడి చెయ్యి చాపాడు. నేసేటప్పుడు జోడీలో ఒకరు చెయ్యి చాపితే రెండోవాళ్ళు పంజా అందిస్తారు, అడగనక్కర్లేదు. నేను అందించాను. చేతికి అలవాటైపోయి అట్లా జరిగిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ చెయ్యి నేత కోసం చాపలేదని నాకు తెలుసు. తెలిసే అందించాను.

దెబ్బ ఆమె ఎడమ చెవి మీద పడింది. కణతనుంచి చెవి కిందిదాకా చీరుకుపోయింది. రక్తం కాగితం మీద పడుతుందని, తూలిపోతూ కూడా ఆ కాగితాన్ని పక్కకు లాగింది. అప్పుడు నాకు భయమేసింది. పూలమ్మ అరుపులకు వాడకట్టంతా వచ్చింది. రిక్షాలో వేసుకొని పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. నా తమ్ముడు వెనక నడుచుకుంటూ వచ్చాడు.

కుట్లు వేశాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఆ చెవి ఇక వినపడకపోవచ్చమ్మా. ఇప్పుడే ఆమెకు చెప్పకు, పది రోజులైనంక తీసుకురా" అన్నాడు. దెబ్బ ఎట్లా తగిలిందో పోలీసులకు రాసి పంపాల్సి వస్తుందేమోనని కూడా అన్నాడు. ఆ మాట నా తమ్ముడు విన్నాడు, పెళ్ళాం మంచం పక్కకు పోయి, "పోలీసులకు రాస్తరట" అన్నాడు.

లక్ష్మీనర్సమ్మ కట్టు కట్టిన తలతో పడుకునే ఉంది. గొంతు మాత్రం నిబ్బరంగా ఉంది. "గా కాయితం మీద సంతకం పెట్టు. మగ్గం గుంతల జారిపడ్డ అని చెప్త. నీ పేరు తియ్య" అంది.

నా తమ్ముడు ఆమె దిండు కిందున్న కాగితం తీసుకున్నాడు. అంచు మీద రక్తం మరక ఉంది. తన పేరు దించాడు. డాక్టరు వచ్చి అడిగితే, గుంతలో పడ్డానని ఆమె చెప్పింది. తన రక్తంతో సంతకం కొనుక్కుంది ఆ పిల్ల. అప్పుడు కూడా నాకు జాలి రాలేదు. ఎంత గడుసుదో చూడు అనుకున్నాను.

ఆదివారం ఇంటికొచ్చి పూలమ్మను పిలిపించుకొని ప్రశ్నలు అడిగించుకుంది. "ఏ ఊరికన్న పోతవా అని అడుగుతరట. ములుగు అవతల అడివిల ఇచ్చినా పోత. గంత దూరమైతెనే మంచిది" అంటూ ఒకటికి పదిసార్లు ఆ జవాబు చెప్పుకుంది. నేను ఎడమ పక్కనుంచి రెండుసార్లు పిలిచాను. పలకలేదు. దూది కుక్కి కట్టు కట్టారు కదా, దానివల్ల వినపడటం లేదని అనుకుంటోంది. సంగతి నాకు తెలుసు, చెప్పలేదు.

సోమవారం ఆమె వెంట ఎవరు పోవాలి? ఒంటరిగా ఆడమనిషిని పంపరు. పూలమ్మ కూతురికి పురుడు. నా తమ్ముడు నన్ను మూలకు పిలిచి, "నువ్వు పో అక్కా. ఆడ నా మీద ఏమన్న చెప్తదేమో జర చూడు" అన్నాడు. అట్లా నేను బయలుదేరాను. తోడు కోసం కాదు, కాపలాకు.

దెబ్బ తిన్న మనిషినని ఆఫీసువాళ్ళకు తెలియకూడదని లక్ష్మీనర్సమ్మ కొంగును తల మీదుగా చెవుల కిందికి లాక్కొని ఎడమ భుజం మీద పిన్ను పెట్టుకుంది. కట్టు అసలు కనిపించలేదు. లోపల బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఒక పెద్దమ్మ, కుడివైపు ఒకాయన, ఎడమ కొసన ఇంకొకాయన, ఆయన గొంతు మెల్లగా ఉంది. నేను గుమ్మంలో పరదా పట్టుకొని నిలబడ్డాను, బంట్రోతు పొమ్మనలేదు. పెద్దమ్మ అడిగినవాటికి ఆమె గడగడా జవాబులు చెప్పింది. ఎంతమందికి చదువు నేర్పావు, ఎట్లా నేర్పావు అంటే, ఉత్తరాలు తెప్పించి వాటితోనే నేర్పానంది. పెద్దమ్మ మొహం విప్పారింది. ఇక దీనికి సీటు వచ్చినట్టేనని నాకు అర్థమైపోయింది.

పెద్దమ్మ ఒక రిజిస్టరు ముందుకు జరిపి సంతకం చెయ్యమంది. ఆమె వంగి రాస్తోంది. అప్పుడు ఎడమ కొసనున్నాయన అడిగాడు. "ట్రైనింగయినాక ములుగు అవతల అడవి పల్లెలకు పంపుతాం. బస్సులు కూడా ఉండవు. పోతావా అమ్మా?"

ఆమె తలెత్తలేదు, రాస్తూనే ఉంది.

"పోతావా?" అని ఇంకోసారి అడిగాడు. పలకలేదు. మూడోసారి కూడా అడిగాడు. పెద్దమ్మ తర్వాతి మనిషి కాగితాలు తిరగేసుకుంటోంది.

"ఇష్టం లేనట్టుంది. ముందే తెలియడం మంచిదే" అని ఆయన తనలో తాను అనుకుంటూ ఏదో రాసుకున్నాడు.

నేను ఒక్క మాట అంటే చాలు. సారూ, ఆమెకు ఆ చెవి వినపడదు, కుడివైపొచ్చి అడుగు అంటే చాలు. జవాబు నాకు కూడా నోటికొచ్చు, ఆదివారమంతా విన్నాను. నా నోరు ఎంత పెద్దదో కొత్తవాడంతా ఎరుగును. ఆ రోజు మూతపడింది. భయంతో అనుకుంటున్నారా? కాదు. దాని తొవ్వ మూసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. నేను వెనక్కి వచ్చాను కదా, అది మాత్రం ముందుకెందుకు పోవాలి? నాకు అదొక్కటే తోచింది.

రిక్షాలో నా ఎడమపక్కన కూర్చుంది. "అన్ని మంచిగ చెప్పిన గద వదినా? చివర్ల ఆ సారు నోరు కదిలినట్టు కనవడ్డది. నన్నేమన్న అడిగిండా?"

"నిన్నేం అడుగలే. పంకా తిప్పుమని బంట్రోతుకు చెప్పిండు" అన్నాను.

ఆమె హాయిగా ఊపిరి తీసుకుంది. దారిలో ఆపి నాకు సోడా తాగించింది.

కట్టు విప్పాక ఎడమ చెవి పోయిందని ఆమెకు తెలిసింది, అయినా ఆ సారు ఏమీ అడగలేదన్న నా మాటే నమ్మింది. నెల తర్వాత లిస్టు వచ్చింది. అందులో ఆమె పేరు లేదు. ఆనందరావు వచ్చి మా వాకిట్లో నిలబడి, మొదటిసారి కొంచెం కోపంగా మాట్లాడాడు. "ఎందుకమ్మా అట్ల చేసినవ్? నేను అంత చెప్పి పంపితే, అడవి పల్లెలకు పోనన్నట్టు ఊకున్నవట. అందుకే కొట్టేసిన్రు."

లక్ష్మీనర్సమ్మ మొహం పాలిపోయింది. "నన్ను ఎవ్వలు అడుగలే సార్! అడిగితె పోనంటనా? నా బిడ్డ మీద ఒట్టు." ఆనందరావు నమ్మలేదు. అప్పుడు ఆమె గిరుక్కున తిరిగి నన్ను చూపించింది. "మా వదినె ఆన్నే ఉన్నది. అడుగున్రి సార్. చెప్పు వదినా, అడిగిన్రా?"

ఆయన నావైపు చూశాడు. నా తమ్ముడు మగ్గం ఆపి చూశాడు. అడిగారని ఇప్పుడు చెప్పినా దారి ఉండేదేమో. చెవి సంగతి చెబితే ఆయన మళ్ళీ పోయి వాళ్ళతో మాట్లాడేవాడేమో. కానీ అట్లా చెబితే, మరి నువ్వెందుకు ఊరుకున్నావని అడగరా? పంజా సంగతి కూడా బయటికి రాదా?

"లేదు సారూ. ఎవ్వలు ఏం అడుగలే" అన్నాను.

ఆనందరావు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నా తమ్ముడు మిఠాయి పొట్లం తెచ్చాడు, దాన్ని ఎవరూ విప్పలేదు. కొన్నాళ్ళు చెయ్యి చేసుకోకుండా ఉన్నాడు. తర్వాత మళ్ళీ మొదలైంది. రెండేళ్ళకు సెంటరు కూడా మూతపడింది.

ఇప్పుడు ఎనభై ఎనిమిది. లక్ష్మీనర్సమ్మ ఆ మగ్గం మీదే ఉంది, ఆ మొగుడి పక్కనే. ఉత్తరాలు ఇంకా చదివి పెడుతూనే ఉంది. చదివించుకోవడానికి వచ్చినవాళ్ళు, అంత చదువుకొని నౌకరి ఎందుకు రాలేదమ్మా అని అడుగుతుంటారు. అప్పుడు ఆమె ఆ సోమవారం సంగతి మొత్తం చెబుతుంది, సర్కారోళ్ళు అబద్ధమాడి తన సీటు ఇంకెవరికో ఇచ్చుకున్నారని. "అందరు నన్నే తప్పువట్టిన్రు. నా దిక్కు సాక్ష్యం చెప్పింది మా వదినె ఒక్కతే" అంటుంది. ఆ మాట అన్నాక పిల్లను కేకేసి, పెద్దత్తకు చాయ్ ఇయ్యమంటుంది. ఆ చాయ్ తీసుకొని తాగుతాను.